మోకాలి మీద గురా, మూడు కాళ్ల ఊతకర్రా?

లానో లోయ: టెక్సస్ హిల్ కంట్రీలో తెల్లతోక జింకల వేటకు వెళ్లడం నాకిది రెండో ఏడు. నిరుడు నవంబరులో సుమారు 140 గజాల దూరంలో ఉన్న ఆడజింకను నిలుచునే కాల్చి, తూటాను పొట్టలో దింపాను. దానిని వెతికి పట్టుకునేసరికి చీకటి పడింది. మళ్లీ అలా జరగకూడదని రైఫిల్‌ను ఆనించి కాల్చే మూడు కాళ్ల ఊతకర్ర కొందామనుకుంటే, మా లీజులోని (వేటకు అద్దెకు తీసుకున్న భూమిలోని) పెద్దాయన ముందు స్లింగ్ (రైఫిల్‌కు ఉండే పట్టీ) చేతికి చుట్టుకొని మోకాలి మీద కూర్చోవడం నేర్చుకోమంటున్నారు. ఎవరైనా అనుభవంతో చెప్పగలరా?

ఊతకర్ర పక్షం: కర్రే కొనండి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు దాదాపు 8 అంగుళాలు. నిలుచున్నవారి గురి 100 గజాల వద్ద 6 అంగుళాల మేర ఊగుతుందనుకుంటే 200 గజాల వద్ద అది 12 అంగుళాలవుతుంది. అప్పుడు ట్రిగ్గర్‌ను ఎంత మెత్తగా నొక్కినా తూటా ఎక్కడ తగులుతుందో చెప్పలేము. పైగా పొదలు నడుమెత్తు పెరిగిన చోట మోకాలి మీద కూర్చుంటే జింకే కనిపించదు.

మోకాలి గురి: లెక్క సరైనదే గాని, కర్ర రైఫిల్ ముందు భాగాన్నే మోస్తుంది, భుజం దగ్గర ఊపు ఎక్కడికీ పోదు. సున్నపురాళ్ల మీద మూడు కాళ్లూ పరిచేటప్పుడు అయ్యే టకటకలకు జింక ఆగుతుందా అన్నది వేరే సంగతి. మోకాలి పద్ధతి కుదరలేదనేవారు ఎక్కువగా చేసే తప్పు ఒకటే: మోచేతి ఎముకను మోకాలిచిప్ప మీద పెడతారు, అది గోలీ మీద గోలీ పెట్టినట్టు జారుతుంది. మోచేతికి కాస్త పైనున్న కండను మోకాలికి అవతలగా ఆనించి స్లింగ్ బిగిస్తే, రైఫిల్ బరువును కండరాలకు బదులు ఎముకలు మోస్తాయి. ఒలింపిక్స్ 50 మీటర్ల మూడు భంగిమల పోటీలోనూ మోకాలి మీద, పడుకొని కాల్చేటప్పుడు స్లింగ్‌ను అనుమతిస్తారు.

ఊతకర్ర పక్షం: వెనుక ఊపు మాట నిజమే, అందుకే నేను కూర్చొని, కర్రను ముందు పెట్టుకొని, కుడి మోచేతిని కుడి మోకాలికి ఆనిస్తాను. పోటీల పోలిక మాత్రం ఒప్పుకోను. బిగువైన జాకెట్ తొడుక్కొని చదునైన నేల మీద కాల్చేవారు గుట్ట ఎక్కి రొప్పుతూ రారు. ఇక కర్ర లేనప్పుడు కంచె గుంజను ఆసరా చేసుకునేవారు బ్యారెల్‌ను నేరుగా దాని మీద పెట్టవద్దు, పేలగానే ఎగిరి తూటా పైకి పోతుంది. కింద టోపీనో అరచేతినో ఉంచి, రైఫిల్ ముందు కొయ్యను దాని మీద ఆనించండి.

లానో లోయ: నిన్న 100 గజాల వద్ద 8 అంగుళాల కాగితపు పళ్లెం పెట్టి, ప్రతిసారీ రైఫిల్ పక్కన పెట్టి 20 గుంజీలు తీశాక, ఐదేసి తూటాలు కాల్చి చూశాను. నిలుచుని 2, మోకాలి మీద 4, కూర్చొని కర్ర మీద 5 తగిలాయి. కర్ర సర్దుకోవడానికే చాలా సేపు పట్టింది. మోకాలి మీద మొదటి తూటా తప్పాక కళ్లు మూసి తెరిచి చూస్తే, గురి దానంతటదే పళ్లేనికి కుడివైపు జరిగి ఉంది. చేతులతో లాగకుండా కూర్చున్న తీరునే కొంచెం తిప్పుకున్నాక మిగిలిన నాలుగూ తగిలాయి. కాబట్టి కర్ర కొంటున్నాను, 100 గజాల లోపల మోకాలినే నమ్ముకుంటాను, నిలుచుని కాల్చడం మానేస్తున్నాను. పెద్దాయనకు ఇంకా చెప్పలేదు.