జైలు నుంచి వచ్చిన మా అప్ప (అక్క) బీఏ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా అప్ప ఒక కేసులో విశాఖ సెంట్రల్ జైల్లో పదకొండు నెలలు రిమాండ్‌లో ఉండి బెయిల్ మీద వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. వయసు 31. పది పాసైంది, ఇంటర్ మొదటి ఏడాదిలోనే పెళ్లి చేసేశారు. లోపల తోటి ఆడవాళ్లకి ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టేదట. ఇప్పుడు బీఏ చదువుతానంటోంది. పదో తరగతి మెమో అత్తారింట్లో ఉండిపోయింది, అడిగితే లేదంటున్నారు. ప్రతి ఆదివారం స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టాలి. మాకు తెలిసిన ఒకాయన నలభై వేలిస్తే వన్ సిట్టింగ్‌లో, అంటే ఏళ్ల తరబడి చదవకుండా ఒక్కసారికే, ఇంటర్, డిగ్రీ రెండూ తెప్పిస్తానంటున్నాడు. అసలు కేసున్నవాళ్లని చేర్చుకుంటారా?

జవాబు (ఓపెన్ స్కూల్ టీచర్, విజయనగరం):
ముందు ఆ నలభై వేలు కదపకండి తల్లీ. వన్ సిట్టింగ్ అంటే దొంగ సర్టిఫికెట్టే. మామూలు వాళ్లు కొంటే డబ్బులు పోతాయి, మీ అప్ప కొంటే ఇంకో కేసు పడుతుంది.

కేసుంటే చదవకూడదని ఎక్కడా లేదు. నేను పిల్లలతో నింపించిన దూరవిద్య ఫారాల్లో కేసు సంగతి అడిగే గడి చూడలేదు. అసలు పేచీ అంతా కాగితాల దగ్గరే.

చదివిన బడికి వెళ్లి హెడ్‌మాస్టర్‌ని కలవండి. పాసైన సంవత్సరం చెబితే హాల్‌టికెట్ నంబరు పాత రికార్డుల్లో దొరుకుతుంది. డూప్లికేట్ మెమో ప్రభుత్వ పరీక్షల విభాగం ఇస్తుంది, దరఖాస్తు ఆ బడి ద్వారానే పెట్టుకోవచ్చు. అది రాగానే ఏపీ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్. పై వయసు పరిమితి లేదు. అన్నీ ఒక్కసారే గట్టెక్కకపోయినా పాసైనవి పాసైనట్టే ఉంటాయి, మిగిలినవి మళ్లీ రాసుకోవచ్చు.

డిగ్రీకి ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య 1972 నుంచీ ఉంది, తెలుగు మీడియం కావాలంటే నా ఓటు దానికే. ఇగ్నో (కేంద్రం నడిపే ఓపెన్ యూనివర్సిటీ) కూడా మంచిదే కానీ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. ఎచ్చెర్లలో ఉన్న అంబేద్కర్ యూనివర్సిటీ వేరు, హైదరాబాద్ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ వేరు. పేరు చూసి ఎచ్చెర్ల దాకా వెళ్లి తిరిగొచ్చినవాళ్లు నాకే ఇద్దరు తెలుసు. ఎందులో చేరినా ఆ ఏడాదికి ఆ కోర్సుకి యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకోండి.

ఇంకొకటి. 2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో తీసుకునే నంబరు) ఉండాలి. దానికి ఏబీసీ ఐడీ (చదువులో వచ్చిన క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా నంబరు), దానికి ఆధార్, ఆ ఆధార్‌కి ఫోన్ నంబరు. మీ అప్ప ఆధార్‌లో పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చారా? మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటే అక్కడే బండి ఆగిపోతుంది. ఓటీపీలు అత్తారింటి ఫోన్‌కి వెళుతుంటే అదీ ముందే మార్పించండి. ఇంటర్ చదువుతుండగానే ఈ పని తెమల్చుకుంటే మంచిది.

జవాబు (జూనియర్ లాయర్, శ్రీకాకుళం):
ఆదివారం సంతకం గురించి. క్లాసులు ఎక్కువగా సెలవు రోజుల్లోనే పెడతారు కాబట్టి తగలడం ఖాయం. బెయిల్ ఇచ్చిన కోర్టులోనే కండిషన్ సడలించమని పిటిషన్ వేయండి, అడ్మిషన్ కాగితం, టైమ్ టేబుల్ జతచేయండి. పరీక్ష రోజే వాయిదా పడితే మీ లాయర్‌ని 317 పిటిషన్, అంటే ఆ రోజుకి హాజరు మినహాయించమనే పిటిషన్, వేయమనండి. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 317, కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 355, అయినా మా కోర్టు వరండాలో అందరూ 317 అనే అంటారు. చెప్పకుండా మానేస్తే మాత్రం వారెంట్ వస్తుంది.

లాయర్‌కి డబ్బుల్లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితం. ఫోన్ 15100. మెమో ఇవ్వని అత్తారింటికి అక్కడి నుంచి ఒక నోటీసు వెళ్తే ఇనప్పెట్టెలు వాటంతటవే తెరుచుకుంటాయి!

రేపు ఉద్యోగానికి పెట్టుకుంటే, ముఖ్యంగా ప్రభుత్వ ఉద్యోగమైతే, కేసు వివరాలు అడుగుతారు. అడిగినచోట దాచొద్దు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది: ఉన్నది ఉన్నట్టు చెబితే కేసు తీరు చూసి నిర్ణయిస్తారు, దాచి దొరికితే ఆ దాచడమే ఉద్యోగానికి ముప్పు. అడగనిచోట చెప్పుకోనక్కర్లేదు.

జవాబు (పేరు చెప్పను):
నేను రాజమండ్రి మహిళా జైల్లో ఉండగానే ఇగ్నోలో చేరాను. ఖైదీలకి ఫీజు తీసుకోరు. బయటికొచ్చాక అడ్రసు మార్పించుకోవాలని తట్టలేదు, రెండో ఏడాది పుస్తకాల కట్ట జైలుకే వెళ్లింది. లోపల ఎవరైనా చదువుతుంటే విడుదల రోజే ఈ మాట చెప్పండి.

మీ అప్పతో ఇంకో మాట చెప్పండమ్మా. మొదటి క్లాసులో నా పక్కనమ్మాయి "ఇన్నేళ్లూ ఏం చేశారు ఆంటీ" అంది. గొంతు తడారిపోయింది. "ఇంట్లో ఇబ్బందులు" అన్నాను. అంతే, ఆ అమ్మాయి నోట్సు నా వైపు జరిపింది. బస్సుకి డబ్బులు ఎవర్ని అడగాలా అనే టెన్షన్ కూడా ఇప్పుడు లేదు, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఎక్స్‌ప్రెస్‌ల దాకా మన ఆడవాళ్లకి ఫ్రీయే కదా. ఆధార్ చేతిలో ఉంటే చాలు.

ప్రశ్న అడిగినవారు:
టీచర్ గారూ, లాయర్ గారూ, అక్కా, చాలా థాంక్స్. ఈరోజే బడికి వెళ్లాం. పాత రిజిస్టర్‌లో అప్ప పేరు దొరికింది, పుట్టింటి ఇంటిపేరుతో. ఆధార్‌లో అత్తారింటిదే ఉంది. సచివాలయంలో మార్పించడానికి మెమో కావాలంటున్నారు, మెమోకి ఆధార్ కావాలంటున్నారు. ముందు ఏది?

టీచర్:
మెమో. దరఖాస్తుకి ఆధార్ ఇప్పుడున్నదే జతచేసి, పెళ్లితో ఇంటిపేరు మారిందని నోటరీ అఫిడవిట్ పెట్టండి. సోమవారం హెడ్‌మాస్టర్ గారితో నేనూ మాట్లాడతాను, బడి పేరు నాకు విడిగా పంపండి.