సయనోటైప్: హెర్షెల్ పాత సూత్రమా, వేర్ కొత్త సూత్రమా?

నీలిపూత: సయనోటైప్ అంటే ఇనుప లవణాలు పూసిన కాగితంపై నెగెటివ్ పెట్టి, ఎండలో ఉంచి, నీళ్లలో కడిగి నీలి ఫోటో ప్రింట్ తీయడం. అందులో ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో చూపిన సిట్రేట్ పద్ధతికి ఇక సెలవివ్వాలని నా వాదన. సిట్రేట్ పూత కాగితపు నారలోకి సరిగా దిగదు. కడిగేటప్పుడు నీలం కారిపోయి నీడల్లో వివరం పోతుంది. 1990లలో రసాయన శాస్త్రవేత్త మైక్ వేర్ తెచ్చిన ఆక్సలేట్ పూత లోపలికి ఇంకుతుంది, ఎండలో ఉంచాల్సిన సమయమూ బాగా తగ్గుతుంది.

పాతబ్రష్: ఆ ద్రావణం తయారీ సంగతి చెప్పరేం? 30 గ్రాముల అమ్మోనియం ఫెర్రిక్ ఆక్సలేట్‌ను 50 డిగ్రీల నీళ్లలో, 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్‌ను 70 డిగ్రీల నీళ్లలో కరిగించి, వేడిగానే కలిపి, చల్లారాక ఏర్పడే ఆకుపచ్చ స్ఫటికాలను వడకట్టి, 100 మి.లీ.కి నీళ్లు పోయాలి. పైగా ఆక్సలేట్ విషం. వేర్ మొదట ఇచ్చిన సూత్రంలో కాస్త డైక్రోమేట్ కూడా ఉంది, అది క్యాన్సర్ కారకం.

పాతదానికి రెండు సీసాలు చాలు, ఒక్కోదాంట్లో 100 మి.లీ. నీళ్లు: 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఒకదాంట్లో, 10 గ్రాముల ఫెర్రిసయనైడ్ ఇంకోదాంట్లో. వాడే ముందు సమపాళ్లలో కలపడమే. సిట్రేట్ సీసాకు బూజు పడుతుంది, వడకట్టి వాడుకోవచ్చు. రంగు కారడానికి అసలు కారణం చాలాసార్లు మందపాటి పూత, సరిగా ఆరని కాగితం, లేదా తక్కువ ఎక్స్‌పోజర్ (ఎండలో చాలినంతసేపు ఉంచకపోవడం). నీడలు బూడిద రంగుకు తిరిగేదాకా ఎండలోనే ఉంచండి, కడిగాక సరిపోతుంది.

కాగితంపిచ్చి: ఇద్దరూ కాగితాన్ని వదిలేశారు! కాల్షియం కార్బొనేట్ కలిపిన కాగితంపై ఏ సూత్రమూ నిలవదు. ప్రింట్‌లో నీలం ఇచ్చే ప్రష్యన్ బ్లూకు క్షారం పడదు, ఇనుము గోధుమరంగు మరకగా మిగులుతుంది. ఆక్సలేట్‌కైతే ఇంకా నష్టం, కాల్షియం ఆక్సలేటుగా మారి గడ్డకడుతుంది. కాగితం మూలన ఒక చుక్క పలుచటి ఆమ్లం వేయండి. బుడగలు వస్తే అది పనికిరాదు. మొదటి కడుగు నీళ్లలో చిటికెడు సిట్రిక్ యాసిడ్ వేస్తే కుళాయి నీటి క్షారం కూడా తగ్గుతుంది.

నీలిపూత: కాగితం మాట ఒప్పుకుంటాను. తయారీ కష్టమూ నిజమే, కానీ ఆ ద్రావణం సీసాలో చాలాకాలం నిలుస్తుంది, బూజు పట్టదు.

పాతబ్రష్: నిలుస్తుంది, కానీ నెగెటివ్‌లు మళ్లీ చేసుకోవాలిగా? కొత్త సూత్రం నెగెటివ్‌లో ఎక్కువ కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) అడుగుతుంది. సిట్రేట్‌కు కుదిర్చిన నెగెటివ్‌ను దానిమీద వేస్తే ప్రింట్ చప్పగా వస్తుంది. ఇంకోటి, కడిగాక హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి నీలం ముదిరిందని సూత్రాన్ని మెచ్చుకోకండి. గాలి ఒక రోజులో చేసే ఆక్సీకరణాన్నే అది క్షణాల్లో చేస్తుంది, అంతే. రెండు ప్రింట్లనూ ఆరబెట్టి, మర్నాడు పక్కపక్కన పెట్టి పోల్చండి.