బయోడీజిల్ కలిపితే పాత బండికి పడతాదా?

పలమనేరు పికప్:
అన్నలూ, నాది 2009 మోడల్ డీజిల్ పికప్, టమోటా లోడు ఏసుకుని తిరుపతికి పోతా వస్తా ఉంటా. పోయిన వారం మొగిలి ఘాట్‌లో బండి లాగలేక ఎగపోసింది, ఫిల్టర్ ఇప్పితే లోపలంతా నల్లగా జిగట, కాఫీ డికాషన్ మడ్డి మాదిరి. బంకు డీజిల్లో బయోడీజిల్, అదే నూనెల్తో చేసే డీజిల్, కలుపుతా ఉండారు, దానివల్లే అంటాడు మెకానిక్. నిజమేనా?

చంద్రగిరోడు:
పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ మాదిరి డీజిల్లో అంత బయోడీజిల్ కలపడంలేదు సామీ. కేంద్రం 2018లో తెచ్చిన బయోఫ్యూయల్ పాలసీలో 2030కి 5 శాతం అని టార్గెట్ పెట్టినారు, ఇంకా దాని దరిదాపుల్లో లేము. అయినా మీ మెకానిక్‌ది ఉత్తమాట కాదు, బయోడీజిల్ సబ్బు మాదిరి పనిచేస్తాది, ట్యాంకులో ఏండ్లుగా పేరుకున్న మడ్డిని కడిగి తెచ్చి ఫిల్టర్లో పడేస్తాది. ఎక్కువ శాతం కలిస్తే పాత రబ్బరు పైపులు కూడా ఉబ్బుతాయి.

గ్యారేజీ మామ:
నీళ్ళు కూడా లాక్కుంటాదబ్బా అది. వానాకాలం సగం ట్యాంకుతో బండి నిలబెట్టొద్దు, ఫిల్టర్ కింద మర తిప్పి నీళ్ళు వదిలేయ్. అదట్లుండనీ, రోడ్డు పక్కన డ్రమ్ముల్లో చీప్‌గా అమ్మేది గానీ కొట్టించినావా? వాడేసిన వంటనూనె సరిగా శుద్ధి చేయకుండా కలిపేది ఉంటాది.

పలమనేరు పికప్:
రెండుసార్లు కొట్టించినా మామా... పొగ బజ్జీలంగడి వాసనొచ్చింది, అప్పుడే అనుమానం రావాల్సింది. రేపు ట్యాంకు దించి కడిగిస్తా.