అప్‌డేట్: కోళ్ల దాణాలో అవిసె గింజలు కలిపాక

అవిసె గింజలు పెడితే గుడ్డులోకి ఒమేగా 3 అనే మంచి కొవ్వు నిజంగా వస్తుందా, కోడిపిల్లల ఎదుగుదల దెబ్బతింటుందా అని అప్పట్లో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పిల్లలకు పెట్టడం లేదు. పచ్చి అవిసెలో విటమిన్ బి6కు అడ్డుపడే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే పిల్లలు తూకం రావు. పెట్టలకు మాత్రం దంచి, దాణాలో 5 శాతం దాకా కలుపుతున్నాం. 10 దాటిస్తే మేత తగ్గిస్తాయి, గుడ్డు నీచు వాసన వేస్తుంది.

ఒక్కో పచ్చసొన పెరగడానికి పది రోజుల దాకా పడుతుంది కదా, అందుకే కొన్ని వారాలు ఆగి గుడ్లు ల్యాబ్‌కి పంపాం. అవిసెలో ఉండే ఒమేగా 3 రకం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, బాగా పెరిగింది. డీహెచ్‌ఏ అనే మరో రకం ఒమేగా 3 కూడా కొంత వచ్చింది, దాన్ని కోడి కాలేయమే తయారు చేస్తుంది. మొత్తం కొవ్వు మాత్రం దాదాపు అంతే, మారింది కొవ్వు రకం. సొన రంగు చూసి ఒమేగా గుడ్డని నమ్మకండి, ఆ పసుపు మొక్కజొన్న, ఆకుల నుంచి వచ్చేది!

గేదెకూ పెట్టొచ్చా అని ఒకరు అడిగారు. పెట్టొచ్చు గానీ పాలల్లో ఇంత మార్పు రాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఈ కొవ్వును చాలావరకు మార్చేస్తాయి.

దంచిన అవిసె తొందరగా ముక్కిపోతుంది. ఎప్పటికప్పుడు దంచుకుంటూ, దాణాలో విటమిన్ ఇ కలుపుతున్నాం.