మెక్‌డేవిడ్, డ్రైసైటిల్‌ను ఒకే లైన్‌ల ఎందుకు పెట్టరు?

కరీంనగర్_పోరడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. కెనడాల ఎడ్మంటన్ వచ్చి రెండేండ్లయింది. వేర్‌హౌస్‌ల పని. లంచ్ టైంల మావోళ్లకు ఐస్ హాకీ తప్ప ఇంకో ముచ్చట లేదు. మొదటేడాది నేను తలకాయ ఊపుకుంట నా డబ్బా నేను తినుడే. ఈ 2025 జూన్‌ల మాత్రం మా ఊరి టీం ఆయిలర్స్, ఫ్లోరిడా ఫైనల్ ఆరు మ్యాచ్‌లు కూసోని చూసిన. గప్పటిసంది పట్టుకున్నది నాకు.

నా డౌట్ ఏందంటే, మన టీంల మెక్‌డేవిడ్ ఉన్నడు, డ్రైసైటిల్ ఉన్నడు. ప్రపంచంల గిట్లాంటోళ్లు ఒకే టీంల ఇద్దరు దొరుకుడే కష్టం. మరి ఇద్దరిని ఒకే లైన్‌ల (ఒకేసారి దిగే ముగ్గురి గుంపుల) పెట్టక, ఒకల్ని ఫస్ట్ లైన్, ఒకల్ని సెకండ్ లైన్ ఎందుకు చేస్తున్నరు? సచిన్, గంగూలీ ఓపెనింగ్ దిగుతుంటే గంగూలీని తీస్కపోయి ఆరో నంబర్‌ల దింపినట్టు లేదా? మా సూపర్‌వైజర్‌ను అడిగితే "డెప్త్" అని ఒక్క మాటని ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి పోయిండు.

వచ్చే నెల సీజన్ మొదలైతది. మన ఫార్వర్డ్ హైమన్ మణికట్టు ఇంక మానలేదట, మొదట్ల ఆడడట. మీరే కోచ్ అయితే లైన్లు ఎట్ల పెడతరు? జర అర్థమయ్యేటట్టు చెప్పున్రి.

కాల్గరీ_కృష్ణ:

మీ ప్రత్యర్థి ఊరు కాల్గరీ నుంచి ఉచిత సలహా: ఇద్దర్నీ బెంచీ మీద పక్కపక్కనే కూర్చోబెట్టండి. జంట విడిపోదు, మాకూ మనశ్శాంతి.

గోదారి_బస్సు:

కృష్ణగారూ, మీరు కాసేపు ఆగండి.

తమ్ముడూ, మీ సూపర్‌వైజరు చెప్పింది కరెక్టే. డెప్త్ అంటే అన్ని లైన్లలోనూ సరుకుండటం. ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కకుండా ఇంకో నాలుగు ముక్కలు చెప్పాల్సింది, అంతే. నాది అమలాపురం అవతల ఓ ఊరు. 2009 నుంచి ఇక్కడ సిటీ బస్సు నడుపుతున్నాను. టికెట్ల రేట్లు చూశావుగా, ఏడాదికి ఒక్కసారి వెళ్తాను, అదీ పైకప్పుకి తల తగిలే వరసలో. మొదటిసారి వెళ్లినప్పుడు పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎక్కడుందో వెతుక్కోవడంతోనే మూడు పీరియడ్లలో రెండు అయిపోయాయి. పక్క సీట్లో ఓ పెద్దావిడ, పాత ఆయిలర్స్ జెర్సీ వేసుకుని ఉంది, నా అవస్థ చూసి "పక్‌ని వదిలెయ్ బాబూ, బెంచీని చూడు" అంది. ఆ రోజు నుంచి నాకు ఈ ఆట వేరేగా కనిపించడం మొదలెట్టింది.

బెంచీని చూస్తే ముందు తెలిసేది, ఇక్కడ ఎవరూ ఎక్కువసేపు ఆడరు. 40, 50 సెకన్లు ప్రాణం పెట్టి పరిగెత్తడం, వచ్చి కూర్చోవడం, ఆట ఆగకుండానే ఇంకో ముగ్గురు గోడ దూకడం. మ్యాచ్‌కి 12 మంది ఫార్వర్డ్‌లు, ముగ్గురేసి నాలుగు లైన్లు. అందుకే నీ ఓపెనింగ్ జోడీ లెక్క ఇక్కడ అతకదు. ఓపెనరు అవుట్ కాకపోతే రోజంతా ఉంటాడు. ఇక్కడ 45 సెకన్లకి ఎంత మొనగాడైనా ఊపిరందక వెనక్కి రావాల్సిందే.

క్రికెట్టే కావాలంటే బౌలింగ్ వైపు నుంచి చూడు. బుమ్రాని ఒక ఎండ్ నుంచి, మన సిరాజ్‌ని ఇంకో ఎండ్ నుంచి దింపావు. పది పన్నెండు ఓవర్లు పండగే. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి అలిసిపోతారు, అప్పుడు బంతి ఎవడికిస్తావ్? అవతలి బ్యాట్స్‌మెన్ కాచుక్కూర్చునేది ఆ టైం కోసమే.

ఇప్పుడు నిమిషాలు లెక్కేద్దాం. మెక్‌డేవిడ్ మ్యాచ్‌కి ఇంచుమించు 21, 22 నిమిషాలు ఆడతాడు, డ్రైసైటిల్ కూడా అంతే. ఇద్దర్నీ అతికిస్తే 60 నిమిషాల్లో దగ్గర దగ్గర 38 నిమిషాలు ఇద్దరూ బయటే. ఇంకో సంగతి, విడగొట్టారని నువ్వు బాధపడుతున్నావు గానీ పవర్‌ప్లేలో, అంటే అవతలివాడు తప్పు చేసి బయట కూర్చుని మనకి ఒక మనిషి ఎక్కువున్నప్పుడు, వాళ్లిద్దరూ ఎలాగూ కలిసే ఆడతారు. 2022-23లో మన పవర్‌ప్లేల్లో 32.4 శాతం గోల్ అయ్యాయి, ఎన్‌హెచ్‌ఎల్ (మన టీం ఆడే లీగ్) చరిత్రలోనే ఎక్కువ. డ్రైసైటిల్ మంచు మీద గీసిన కుడి సర్కిల్ కింద, గోల్ లైన్‌కి దగ్గర్లో నిలబడతాడు చూడు, అంత ఇరుకు కోణంలోంచి కొట్టడానికి వేరేవాళ్లు ఆలోచించను కూడా ఆలోచించరు. అంటే మన గొడవంతా ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పటి ఆట గురించే.

ఆ ఆటలో లాస్ట్ ఛేంజ్ అని ఒకటుంది. ఆట ఆగినప్పుడు ముందు బయటి టీం తన లైన్‌ని పంపాలి, అది చూసుకుని సొంత ఊరి టీం పంపుతుంది. పేకాటలో ఎదుటివాడి ముక్క చూసి మన ముక్క వేసినట్టు. ఫ్లోరిడాకి బార్కోవ్ ఉన్నాడు, డిఫెన్స్ బాగా చేసే ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ అవార్డు మూడుసార్లు తీసుకున్నాడు. మనవాళ్లిద్దరూ ఒకే లైన్‌లో ఉంటే వాళ్ల ఊళ్లో వాళ్ల కోచ్‌కి పని తేలిక. వీళ్లు దిగారా, బార్కోవ్‌ని దింపు. అదే విడిగా ఉంటే బార్కోవ్ ఒకడి వెనకాలే వెళ్లగలడు. 2024 ఫైనల్ మనం 0-3 నుంచి 3-3 చేసి, ఏడో మ్యాచ్ వాళ్ల ఊళ్లో 2-1తో పోగొట్టుకున్నాం. మెక్‌డేవిడ్ ఓడిపోయిన టీంలో ఉండి కూడా ప్లేఆఫ్స్‌లో మేటి ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ గెలిచాడు, దాన్ని తీసుకోడానికి మంచు మీదికే రాలేదు. ఆ రాత్రి ఆఖరి ట్రిప్పు బస్సులో ఒక్కడు నోరు విప్పలేదు.

"మరి 2025లో హోం ఐస్ (సొంత ఊళ్లో ఎక్కువ మ్యాచ్‌లు ఆడే అవకాశం) మనదేగా?" అంటావు. మనదే. ఐదో మ్యాచ్ మన ఊళ్లోనే ఓడాం, ఆరోది వాళ్ల ఊళ్లో 5-1. నువ్వు చూశావు కాబట్టి అడుగుతున్నా, మనల్ని చంపిందెవరు? బార్కోవ్ లైన్ ఒక్కటేనా? లూస్టారినెన్, లుండెల్, మార్షాండ్. వాళ్ల మూడో లైన్! రెండో మ్యాచ్ డబుల్ ఓవర్‌టైంలో ముగించింది మార్షాండే. ఫైనల్ మొత్తంలో ఆరు గోల్స్ కొట్టాడు. మనవాళ్లు ఇద్దరూ కలిసున్నారా విడిగా ఉన్నారా అని మనం కొట్టుకుంటుంటే, ఫ్లోరిడా మూడో లైన్ పని కానిచ్చేసింది.

అందుకే నా మటుకు అసలు ప్రశ్న మూడో లైన్.

నేనైతే విడగొడతాను. డ్రైసైటిల్ తన లైన్ తను లాగగలడు, కొత్తగా రుజువు చేయక్కర్లేదు. 2019 డిసెంబర్ 31న అప్పటి కోచ్ టిప్పెట్ అతన్ని నూజెంట్-హాప్‌కిన్స్, యమమోటోలతో కలిపాడు. ఆ లైన్ ఊపేసింది. ఆ సీజన్ డ్రైసైటిల్‌కి 71 మ్యాచ్‌ల్లో 110 పాయింట్లు (కొట్టిన గోల్స్, కొట్టించిన గోల్స్ కలిపి), లీగ్‌లో మేటి ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ.

మెక్‌డేవిడ్ పక్కన గొప్పవాడు అక్కర్లేదు, మొండివాడు కావాలి. పక్ అతని దగ్గరే ఉంటుంది. పక్కవాడి పని మూలల్లోకి దూరి పక్ లాక్కొచ్చి అతనికివ్వడం, తర్వాత వెళ్లి గోలీ మొహం ముందు తిష్ట వేయడం. హైమన్ ఆ పని చేసే 2023-24లో 54 గోల్స్ కొట్టాడు. హైమన్ వచ్చేదాకా ఫ్రెడరిక్‌ని అక్కడ పెడతా, ఎడమ వైపు మాంజపానీ. రెండో లైన్‌లో పాడ్‌కోల్జిన్, డ్రైసైటిల్, సవాయ్.

ఇక మూడో లైన్ సెంటర్‌గా (ముగ్గురిలో మధ్యవాడిగా) నూజెంట్-హాప్‌కిన్స్. ఇక్కడే మా ఇంట్లో కూడా ఒప్పుకోరు. 2022-23లో 104 పాయింట్లు చేసినవాణ్ని మెక్‌డేవిడ్ పక్కనుంచి తీసి మూడో లైన్‌లో పడేస్తావా అని మా అబ్బాయి దెబ్బలాడతాడు. అందులో దాదాపు సగం పవర్‌ప్లేలో వచ్చినవి, ఆ పవర్‌ప్లేలోంచి నేనేం తీసేయట్లేదుగా! అతను రెండు వైపులా ఆడతాడు, పక్ పోయినా కంగారుపడడు. ఒక పక్క కుర్రాడు హోవార్డ్, ఇంకో పక్క కాపనెన్. నాలుగోది హెన్రిక్, యన్మార్క్, లజార్, ఎలాగైనా పెట్టుకో.

మంచి వింగర్లని (సెంటర్‌కి అటూ ఇటూ ఆడేవాళ్లని) కొనేయొచ్చుగా అంటావేమో. ఒక్కో టీం మొత్తం జీతాల పరిమితి 2025-26 సీజన్‌కి 95.5 మిలియన్ డాలర్లు. డ్రైసైటిల్‌కి 14, మెక్‌డేవిడ్‌కి 12.5. పావు వంతు పైచిలుకు అక్కడే అయిపోయింది. మిగతావాళ్లని బేరమాడే తెచ్చుకోవాలి. 2024 ఆగస్టులో మన కుర్రాడు హాలోవేకి సెయింట్ లూయిస్ టీం వాళ్లు ఆఫర్ షీట్ ఇచ్చారు, అంటే మా దగ్గరికి రా, ఇంత ఇస్తాం అన్నారు. మనవాళ్లు అంత ఇవ్వకుండా వదిలేసుకున్నారు. అక్కడికెళ్లి ఒక్క సీజన్లో 63 పాయింట్లు చేశాడు. ఆ కుర్రాడి పేరెత్తితే నాకు ఇప్పటికీ బ్రేకు మీద కాలు పడదు.

కాల్గరీ_కృష్ణ:

మాంజపానీ మా దగ్గర 2021-22లో 35 గోల్స్ కొట్టాడు. తర్వాత ఇంకెప్పుడూ అంత కొట్టలేదు. వాడుకోండి, శుభం.

పెన్_హిల్స్_అక్క:

గోదారి బస్సు గారూ, బాగా చెప్పారు. ఒక్క చోట మాత్రం మీతో ఒప్పుకోను. నేను పిట్స్‌బర్గ్‌లో ఉంటాను, వెంకటేశ్వరస్వామి గుడికి రెండు మలుపుల దూరం. మ్యాచ్ ఉన్న శనివారం గుడికొచ్చేవాళ్లలో మా టీం పెంగ్విన్స్ నలుపు-పసుపు జెర్సీలు కూడా కనిపిస్తాయి, స్వామి ఏమీ అనుకోడు.

మీ సమస్యే మాకు క్రాస్బీ, మాల్కిన్‌తో ఉండేది. ఇద్దరూ సెంటర్లే, ఇద్దర్నీ విడివిడిగానే ఆడించారు. 2016లో కప్పు గెలిచినప్పుడు ఊరంతా మాట్లాడుకున్నది మాత్రం మా మూడో లైన్ గురించే. హగెలిన్, బొనీనో, కెసెల్. ప్లేఆఫ్స్‌లో మా టీంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు కెసెల్‌వి, 22. క్రాస్బీ కంటే ఎక్కువ!

కానీ అది ఎవరో కూర్చుని కాగితం మీద గీసిన లైన్ కాదు. మార్చిలో మాల్కిన్‌కి దెబ్బ తగిలింది, కోచ్ సలివన్ గారికి ఉన్నవాళ్లతో సర్దుకోక తప్పలేదు. ఆ సర్దుబాటులో కుదిరింది, మాల్కిన్ తిరిగొచ్చాక కూడా విడదీయలేదు. ఇంట్లో ఉన్న కూరగాయలన్నీ వేసి చేసిన పులుసు అమృతంలా కుదిరినట్టు. మళ్లీ అలా చేద్దామంటే కొలతలు ఎవరు రాసుకున్నారు?

ఇంకో తేడా. అక్కడ మూడో లైన్‌కి దిగిన స్టార్ కెసెల్, వింగర్. హగెలిన్ కాళ్లలో చక్రాలున్నట్టు పరిగెత్తేవాడు, బొనీనో పాస్‌లు తెలివిగా ఇచ్చేవాడు, కొట్టడం కెసెల్ పని. మీ మూడో లైన్‌లో నూజెంట్-హాప్‌కిన్స్ పాస్ ఇస్తాడు, సరే. కొట్టేదెవరు? హోవార్డ్ ఈ ఏడాది కాలేజీ హాకీలో మేటి ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు గెలిచాడు, నిజమే, కానీ కాలేజీ వేరు, ఇది వేరు. నేనైతే హైమన్ వచ్చాక అతన్నే మూడో లైన్‌కి తీసుకెళ్లి చూస్తాను. మెక్‌డేవిడ్ పక్కన ఎవరున్నా గోల్స్ వస్తాయి కదా.

గోదారి_బస్సు:

అక్కా, హైమన్‌ని మెక్‌డేవిడ్ దగ్గర్నుంచి తీయమంటే నన్ను ఈ ఊళ్లో బస్సు నడపనివ్వరు. కానీ "కొట్టేదెవరు" అన్నది మాత్రం సూటిగా తగిలింది. దానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి డిపోలో కూర్చుని మళ్లీ గీశాను, అటు నింపితే ఇటు ఖాళీ అవుతోంది.

కరీంనగర్_పోరడు:

అన్నా, అక్కా, మస్తు సమజైంది. బౌలింగ్ ముచ్చటతోని దిమాక్‌ల లైట్ వెలిగింది. ఇంకో చిన్న డౌట్. మరి కొన్నిసార్లు ఇద్దరు కలిసి కూడా దిగుతరు కదా, పవర్‌ప్లే లేకున్నా. నేనే చూసిన. అదెందుకు?

గోదారి_బస్సు:

మూడో పీరియడ్‌లో గోల్ వెనకబడి ఉన్నప్పుడు దాచుకోవడానికి ఏముంది, ఇద్దర్నీ దింపేస్తారు. ఇంకోటి, అవతలివాళ్లు ఐసింగ్ చేస్తే, అంటే తమ సగంలోంచి పక్‌ని మన గోల్ లైన్ దాటేలా ఊరికే కొట్టేస్తే, వాళ్లు ప్లేయర్లని మార్చుకోకూడదు. అలిసిపోయి రొప్పుతున్న ఐదుగురి మీదికి మనం కొత్త ఊపిరితో ఉన్న ఇద్దర్నీ పంపొచ్చు. అలాంటప్పుడు పక్ మన జోన్‌కి తిరిగి రావడం అరుదు.

రెండో పీరియడ్ జాగ్రత్తగా చూడు. గోల్స్ వైపులు మారతాయి గానీ బెంచీలు మారవు. అంచేత మన డిఫెన్స్ జోన్ నుంచి మన బెంచీ దూరం అవుతుంది, అలిసినవాడు వచ్చి కూర్చోవాలంటే చాలా దూరం. అప్పుడు ఇరుక్కుపోయిన లైన్ ఎవరిదైనా సరే, పాపం, చూడలేం. మంచి లైన్‌ని ఆ టైంలో ఎవరి మీద వదలాలో తెలిసినవాడే కోచ్.

కలపడం కషాయం లాంటిది తమ్ముడూ, జ్వరం వచ్చినప్పుడు తాగాలి. రోజూ భోజనంలో పోసుకుంటే మిగతా మూడు లైన్ల తొమ్మిది మంది చేతులు కట్టుకుని వాళ్లిద్దరి వంకే చూస్తూ కూర్చుంటారు. ఈ ఊళ్లో అలాంటి సీజన్లు కూడా చూశాను.

కరీంనగర్_పోరడు:

సరే అన్నా. రేపు లంచ్‌ల "నూజెంట్-హాప్‌కిన్స్ థర్డ్ లైన్ సెంటర్" అని అంటా. తిడతరా?

గోదారి_బస్సు:

తిడతారు. 2011లో పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా వచ్చాడు, టీం వరసగా ఓడిన ఏళ్లలో కూడా ఇక్కడే ఉన్నాడు. ఈ ఊరికి ఇంట్లో పిల్లాడి లెక్క. అయినా అను. డబ్బా మాత్రం ముందే తినేసి అను.