కపడోకియాలో ఒక్క రోజు నడక: మోకాలి నొప్పి ఉన్న అమ్మతో ఏ లోయకు వెళ్లాలి?

మేఘసంచారి

అందరికీ నమస్కారం. అక్టోబరు చివరి వారంలో అమ్మతో కలిసి తుర్కియే వెళ్తున్నాను. కపడోకియాలో మా బస గోరెమె ఊళ్లో. అక్కడ ఒక రోజు పూర్తిగా నడకకే ఉంచుకున్నాం. అమ్మకు ఎత్తంటే భయం కాబట్టి బెలూన్ మాట లేదు. ఆమెకు అరవై దాటాయి. రోజూ గంటసేపు నడుస్తుంది, ఎక్కడానికి ఆయాసపడదు. దిగేటప్పుడు మాత్రం కుడి మోకాలు మొరాయిస్తుంది.

మ్యాప్ తెరిస్తే గులాబీ లోయ, ఎర్ర లోయ, పావురాల లోయ, ప్రేమ లోయ, ఇంకా దూరాన ఇహ్లారా. అన్నింటిలోనూ చిక్కుపడిన దారంలా గీతలే. ప్యాకేజీవాళ్లు ఒక్క రోజులో నాలుగు లోయలు, ఒక భూగర్భ నగరం చూపిస్తామంటున్నారు. ఫొటోలలో కనిపించే ఆ టోపీ పెట్టుకున్న రాళ్ల మధ్య నింపాదిగా నడవాలన్నదే మా కోరిక. వెళ్లివచ్చినవాళ్లు ఎవరైనా చెప్పగలరా? గైడు అవసరమా?

రాతిబాట

ముందుగా ఆ ప్యాకేజీకి ఒక దండం పెట్టి పక్కన పెట్టండి. ఒక్క రోజులో నాలుగు లోయలంటే నాలుగు పార్కింగ్ స్థలాలు చూసి రావడమే.

మీకు గులాబీ లోయ సరిపోతుంది. అక్కడివాళ్లు గుల్లుదెరె అంటారు. చాలామంది మీకు పైనున్న కిజిల్‌చుకుర్ వ్యూపాయింట్ దగ్గర దిగి కిందికి నడవమని చెబుతారు, అది తేలిక అంటారు. ఊపిరికి తేలికే, మోకాలికి కాదు. ఆ నేలంతా టఫ్, అంటే అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాయి. పైపొర ఎప్పుడూ పొడిగా రాలుతూనే ఉంటుంది. ఆ రజను వాలు మీద పరుచుకుని ఉంటే దిగడం గచ్చు మీద ఆవాలు పోసి నడవమన్నట్టే. మీ అమ్మగారి విషయంలో దారిని తిప్పేయండి: కింద చావుషిన్‌లో మొదలుపెట్టి కిజిల్‌చుకుర్ దాకా ఎక్కండి. పైకి వాహనాలు వస్తాయి కాబట్టి తిరిగి దిగాల్సిన పని లేదు.

గోరెమె నుంచి అవనోస్ వెళ్లే బస్సు చావుషిన్ మీదుగా పోతుంది. ఊరి పాత భాగం ఒక కొండచరియకు అతుక్కుని ఉంటుంది. రాళ్లు విరిగిపడుతుండటంతో జనం కింద కొత్త ఇళ్లకు మారిపోయారు, తొలిచిన గదులు మాత్రం సగానికి తెగి గాలికి తెరుచుకుని కనిపిస్తాయి. కాసేపు అక్కడ నిలబడి చూడండి. ముందుముందు చూడబోయే రాయి స్వభావమంతా ఆ ఒక్క చరియలోనే అర్థమవుతుంది. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన, అందుకే మనుషులు ఇళ్లు, గుళ్లు తొలుచుకున్నారు. ఆ మెత్తదనం వల్లే అవి కూలుతున్నాయి కూడా. దగ్గరలోనే ఉన్న జెల్వెలో 1952 దాకా జనం ఆ గుహల్లోనే కాపురాలు ఉన్నారు. రాయి కూలే ప్రమాదం ఉందని వాళ్లను కొత్త ఊరికి తరలించారు.

ఊరి శ్మశానం దాటగానే బాట మొదలవుతుంది. మొదట్లో ద్రాక్షతోటలు, నేరేడు రంగు నీడలు, అంతా చదునే. ఆ తర్వాత గోడలు దగ్గరవుతాయి. ఒకచోట రాయి పాలరంగు, దాని మీద గులాబీ చార, ఆ పైన ఇటుక రంగు. ఒక్కో చార ఒక్కో కాలంలో పడిన బూడిద. ఎర్జియెస్, హసన్ లాంటి పర్వతాలున్న ఈ ప్రాంతంలో లక్షల ఏళ్లపాటు విస్ఫోటనాలు జరిగి, పొర మీద పొర పరిచాయి. ఎరుపు ఇనుము తుప్పుది. ఎర్జియెస్ ఎత్తు 3,900 మీటర్లు దాటుతుంది. ఆకాశం తేటగా ఉంటే పైకి వెళ్లాక తూర్పు వైపు మంచు టోపీతో కనిపిస్తుంది.

మీరు అడిగిన టోపీ రాళ్ల సంగతి. అందరూ గాలి చెక్కిందని రాస్తుంటారు. గాలి పని కొంతే, అసలు పనివాడు నీరు. మెత్తని బూడిద పొర పైన గట్టి రాతి పొర ఉంటుంది. ఆ గట్టి పొర పగుళ్లలోకి వాన నీళ్లు, కరిగిన మంచు దిగుతాయి. చలికాలపు రాత్రుల్లో ఆ నీరు గడ్డకట్టి పగుళ్లను వెడల్పు చేస్తుంది. కొన్నాళ్లకు గట్టి పొర ముక్కలవుతుంది. ముక్క కింద ఉన్న మెత్తని రాయి వానకు తడవదు, చుట్టూ ఉన్నది కొట్టుకుపోతుంది. అలా మిగిలిందే టోపీ పెట్టుకున్న స్తంభం. టోపీ జారిపోతే దాని గతి ఇక అంతే, మొన తేలి ఏటికేడు కుంచించుకుపోతుంది. నడుస్తూ పోతుంటే ఈ కథ అన్ని దశల్లోనూ పక్కపక్కనే కనిపిస్తుంది: ఇంకా గోడలోంచి విడివడనివి, నిండు యవ్వనంలో ఉన్నవి, టోపీ ఒక పక్కకు ఒరిగి ఇవాళో రేపో అన్నట్టున్నవి, బోడిగా మిగిలినవి. అయితే నిండైన టోపీ రాళ్లే ముఖ్యమనుకుంటే పొద్దున్నే పాషాబాగ్ వెళ్లండి, చావుషిన్‌కు దగ్గరే. అక్కడ మూడు తలల స్తంభాలు కూడా ఉన్నాయి. గంట చాలు. బస్సుల కొద్దీ జనం దిగే చోటు, అంతకంటే ఎక్కువసేపు ఉండబుద్ధి కాదు.

దారి చీలికలు చాలా ఉంటాయి. ఫోను మ్యాపులో ఒకటిగా కనిపించే బాట అక్కడ మూడుగా విడిపోతుంది, అందులో ఒకటి గోడ దగ్గర ఆగిపోతుంది. కంగారేమీ లేదు, వెనక్కి నాలుగడుగులు వేస్తే చాలు. పగటిపూట గైడు అవసరం లేదు. నీళ్లు మాత్రం ముందే తీసుకోండి. లోపల చిన్న టీ దుకాణాలున్నాయి గానీ, సీజను చివర్లో తెరిచి ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

పావురాలగూడు

రాతిబాట గారు చెప్పినది బాగుంది. అయినా పావురాల లోయను అంత తేలిగ్గా వదిలేయకండి. గోరెమె నుంచి నేరుగా నడిచి వెళ్లవచ్చు, ఉచ్‌హిసార్ దాకా సుమారు నాలుగు కిలోమీటర్లు. ఇదీ ఎక్కుడు దారే. ఎదురుగా ఉచ్‌హిసార్ కోట రాయి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి దారి తప్పే భయం తక్కువ. చరియల నిండా పావురాల కోసం తొలిచిన చిన్న కిటికీలు. వాటి చుట్టూ తెల్ల సున్నం, కొన్నిచోట్ల ఎర్రమట్టితో వేసిన ముగ్గుల్లాంటి బొమ్మలు. రైతులు ఆ గదులు తెరిచి రెట్టను ఎరువుగా ద్రాక్షతోటలకు వేసుకునేవారు. ఈ బూడిద నేలలో తీగ అంత బాగా కాయడానికి ఆ పావురాల పుణ్యం చాలానే ఉంది.

రాతిబాట

పావురాల లోయ బాగుండదని ఎవరన్నారు! చివర్లో ఉచ్‌హిసార్‌కు ఎక్కేచోట నిటారుగా ఉంటుంది, వాన పడితే అడుగున బురద. పొడి రోజైతే నిరభ్యంతరంగా వెళ్లండి. పావురాల కిటికీలు గులాబీ లోయలోనూ ఉన్నాయి. పాత చర్చి ముఖద్వారాన్ని రాళ్లతో మూసేసి పావురాలకు అప్పగించిన చోట్లు కూడా కనిపిస్తాయి. అలా మూసేయడం వల్లే కొన్నిట్లో బొమ్మలు ఎండకు, మనుషుల చేతులకు దొరకకుండా మిగిలాయి.

ఏటిఒడ్డు

మోకాలి నొప్పికి నా ఓటు ఇహ్లారాకే. మెలెందిజ్ ఏటి ఒడ్డున చెట్ల నీడలో నడక, ఎగుడుదిగుడులు తక్కువ. ఇహ్లారా నుంచి సెలిమె దాకా మొత్తం 14 కిలోమీటర్లు. ఒక్క జాగ్రత్త: అందరూ దిగే ప్రధాన ద్వారం దగ్గర దాదాపు 400 మెట్లున్నాయి, అవి మీ అమ్మగారికి వద్దు. మధ్యలో బెలిసిర్మా అనే ఊరుంది, అక్కడ వాహనం ఏటి దాకా వస్తుంది. అక్కడ మొదలుపెట్టి సెలిమె వైపు నడిస్తే సరి. నీళ్ల మీద వేసిన అరుగుల మీద కూర్చుని భోజనం చేయవచ్చు.

మేఘసంచారి

అందరికీ కృతజ్ఞతలు. ఇహ్లారా వర్ణన ఊరించింది గానీ, గోరెమె నుంచి రానూపోనూ ప్రయాణానికే రోజులో సగం పోయేలా ఉంది. చావుషిన్ నుంచి ఎక్కడమే ఖాయం చేసుకున్నాం. అమ్మ ఒక ప్రశ్న అడగమంది. బైబిల్లో చదివిన కప్పదొకియ ఇదేనని తెలిసిన దగ్గర్నుంచి ఆమెకు రాళ్ల కంటే చర్చిల మీదే ధ్యాస. దారిలో లోపలికి వెళ్లి చూడగలిగినవి ఉన్నాయా?

రాతిబాట

అవును, అపొస్తలుల కార్యములలో వచ్చే ప్రాంతం పేరే. గుల్లుదెరె దారుల్లో ఆమె తప్పక చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి హాచ్‌లీ చర్చి. లోపలికి వెళ్లాక తల పైకెత్తమనండి. కప్పు మొత్తాన్నీ పరుచుకుని ఒక పెద్ద సిలువ రాతిలోనే ఉబ్బెత్తుగా చెక్కి ఉంటుంది. బలిపీఠం వైపు గోడ వంపులో క్రీస్తు బొమ్మ రంగులు ఇంకా నిలిచే ఉన్నాయి. రెండోది స్తంభాల చర్చి. బయటినుంచి చూస్తే మామూలు చరియ, చిన్న కంత. లోపల తెల్లటి స్తంభాలు, వంపులు, ఎత్తైన కప్పు. ఎక్కడా రాయి మీద రాయి పెట్టి కట్టింది లేదు, కొండ లోపలి నుంచి తవ్వి తీసేయగా మిగిలినదే ఆ కట్టడమంతా.

బొమ్మల్లో చాలామంది పునీతుల కళ్లు గీకేసి ఉంటాయి. చూసి నొచ్చుకుంటారేమో, ముందే చెప్పి ఉంచండి. బొమ్మ కనబడనిచోట్ల ఎర్రమట్టితో నేరుగా రాతి మీద గీసిన సిలువలు, గళ్లు వెతకమనండి. నాకైతే ఆ ఎర్రగీతలే ఎక్కువ ఇష్టం, గీసిన మనిషి చెయ్యి ఎక్కడ వణికిందో కూడా తెలుస్తుంది. టార్చి తీసుకెళ్లండి, బొమ్మల మీద ఫ్లాష్ వేయకండి. గుమ్మాల దగ్గర మెట్లు అరిగి నున్నగా ఉంటాయి, అమ్మగారికి చేతికర్ర ఒకటి ఉంటే మంచిది.

సమయం విషయం. అక్టోబరు చివర్లో అక్కడ సాయంత్రం ఆరు కాకముందే పొద్దు వాలుతుంది. చావుషిన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరితే చర్చిల దగ్గర ఆగుతూ వెళ్లినా వెలుగుండగానే పైకి చేరతారు. కిజిల్‌చుకుర్ దగ్గర టాక్సీ దానంతటది దొరుకుతుందని అనుకోవద్దు. పొద్దున్నే బసలో చెప్పి, సూర్యాస్తమయం అయ్యాక పావుగంటకు రమ్మనండి. పొద్దు వాలగానే చలి ఒక్కసారిగా పట్టుకుంటుంది, స్వెట్టరు సంచిలో పైన పెట్టుకోండి.