అప్‌డేట్: పిల్లలతో ఫిల్మ్ సిటీ, ఎక్కడ దిగామంటే

ఒంగోలు నుంచి ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతో హైదరాబాద్ దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా రైడ్ల పార్కు చూడ్డానికి వెళ్తున్నాం, సిటీలో ఎల్బీ నగర్‌లో రూము తీసుకోవాలా, ఫిల్మ్ సిటీ లోపలే దిగాలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

మొదటి రాత్రి లోపల తార హోటల్లో ఉన్నాం. సితార ఇంకా బాగుంటుందన్నారు కానీ మా బడ్జెట్‌కు తారే సరిపోయింది. అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా వెళ్లే బస్సుకు సిటీ కంటే ముందే ఫిల్మ్ సిటీ వస్తుందని మీలో ఒకరు చెప్పారు చూడండి, ఆ ఒక్క మాట మాకు సగం రోజు మిగిల్చింది. హైవే మీదే దిగిపోయాం. అయితే గేటు నుంచి లోపలికి చాలా దూరం, వాళ్ల బస్సులోనే వెళ్లాలి. మధ్యాహ్నం ఎండకు అత్తయ్య రూముకెళ్లి రెండు గంటలు పడుకుని, సాయంత్రం షోలకు హుషారుగా వచ్చింది. సిటీలో దిగి ఉంటే ఇది కుదిరేదే కాదు.

రెండో రాత్రి మాత్రం పొరపాటు చేశాం. వండర్‌లాకు వెళ్లాలని ఎల్బీ నగర్ వైపు ఫోటోలు చూసి ఒక హోటల్ బుక్ చేశాను. లిఫ్ట్ పనిచేయలేదు. అత్తయ్య మూడంతస్తులు ఆగి ఆగి ఎక్కుతుంటే చాలా బాధేసింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బుక్ చేసే ముందు ఫోన్ చేసి లిఫ్ట్ సంగతి, కింది అంతస్తులో రూము ఉందా లేదా తప్పకుండా అడగండి.

వండర్‌లాలో పెద్ద రైడ్లకు ఎత్తు కొలుస్తారు. మా చిన్నది ఏడ్చేసింది, ముందే చెప్పి తీసుకెళ్లాల్సింది.